లాక్టిక్ యాసిడ్‌ని వదిలెయ్యండి మహాప్రభో

ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది, ఈసారి పంపింది మా బాబాయ్, అందుకే రాస్తున్నా. లేకపోతే డిలీట్ కొట్టి ఊరుకునేవాణ్ణి. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా: "వ్యాయామం చేస్తే కండరాల్లో లాక్టిక్ యాసిడ్ అనే విషం చేరి మూడు రోజులు నొప్పి పుట్టిస్తుంది, పరగడుపున రెండు చెంచాల వంటసోడా నీళ్ళలో కలిపి తాగితే కడుక్కుపోతుంది, తర్వాత పది నిమిషాలు వేగంగా గాలి పీలిస్తే కణాలకి డబుల్ ఎనర్జీ, చెమట ఎంత పడితే కొవ్వు అంత కరిగినట్టు." కింద మూడు దండాలు, పది మందికి పంపమని ఆర్డరు.

చెమటా? మే నెలలో విజయవాడ బస్టాండ్‌లో అరగంట నిలబడండి, చొక్కా పిండుకోవచ్చు, పొట్ట మాత్రం అక్కడే ఉంటుంది. అయిపోయింది, తర్వాతది.

డబుల్ ఎనర్జీ. కోవిడ్ టైంలో అందరం వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని చూసుకున్నాం కదా, ఊరికే కూర్చున్నా రక్తంలో ఆక్సిజన్ 97, 98 శాతం చూపించేది. నిండిన బిందెలో ఇంకెన్ని చెంబులు పోస్తారు? కూర్చుని బుసలు కొడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకి రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఎనర్జీ ఎక్కుతున్నట్టు అనిపించేది అదే.

ఇక అసలు విలన్, లాక్టిక్ యాసిడ్. గట్టిగా పరిగెత్తినప్పుడు మైటోకాండ్రియా (కణంలో ఎనర్జీ తయారుచేసే భాగాలు) ఎనర్జీ అందించే స్పీడు చాలదు, అప్పుడు గ్లూకోజ్‌ని సగంలో విరిచి లాక్టేట్ (మెసేజ్‌లో లాక్టిక్ యాసిడ్ అన్నది దీన్నే) చేసేస్తుంది కణం. మైటోకాండ్రియా దాకా వెళ్తే ఒక గ్లూకోజ్‌కి 30 ఏటీపీల (కణం ఖర్చుపెట్టుకునే ఎనర్జీ అణువులు) దాకా వస్తాయి, ఇలా అయితే 2 మాత్రమే, కాకపోతే చిటికెలో వస్తాయి. ఆ లాక్టేట్ చెత్త కూడా కాదు, గుండె దాన్ని ఇంధనంగా కాల్చుకుంటుంది, లివర్ మళ్ళీ గ్లూకోజ్ చేసి పంపిస్తుంది. ఆగిన గంటలో దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పేమో మర్నాడు మొదలై రెండో మూడో రోజుకి ముదురుతుంది. ఊళ్ళో లేనివాడి మీద కేసు పెట్టడం కాదా ఇది? తిరుమల మెట్లెక్కినవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఎక్కేటప్పుడు ఆయాసం, లాక్టేట్ పెరిగేదీ అప్పుడే, దిగేటప్పుడు ఊపిరి బానే ఆడుతుంది గానీ మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కువగా ఆ దిగుడు వల్లే. సాగుతూ బరువు ఆపే కండరంలో పోగులు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి, నొప్పి అది.

అసలు నవ్వాలో ఏడవాలో తెలీదు, ఒకప్పుడు కండరం ముడుచుకోడానికే లాక్టిక్ యాసిడ్ కారణం అనుకునేవాళ్ళు, ఆ సిద్ధాంతాన్ని కదిలించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో కండరంలో ఎనర్జీ నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ కనిపెట్టి. వందేళ్ళు కావస్తోంది, తెలుగు గ్రూపుల్లో ఇంకా లాక్టిక్ యాసిడే.

సోడా దగ్గర మాత్రం ఒకటి ఒప్పుకోవాలి, అది పూర్తి కట్టుకథ కాదు. 400, 800 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తే అథ్లెట్లు నిజంగానే తీసుకుంటారు, రక్తంలో ఆమ్లాన్ని తట్టుకోడానికి కాస్త పనికొస్తుంది, కడుపు ఉబ్బరం, విరేచనాలు ఫ్రీ. కానీ మా బాబాయ్ చేసే వ్యాయామం ఏంటంటే పార్కులో ముగ్గురు ఫ్రెండ్స్‌తో రాజకీయాలు మాట్లాడుతూ నాలుగు రౌండ్లు, మధ్యలో టీ. ఆ నడకకి లాక్టేట్ పెరగనే పెరగదు, కడగడానికి ఏముందని? రెండు టీస్పూన్ల సోడాలో సుమారు 2,500 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2,000 లోపే ఉండాలంటోంది. బాబాయ్ పదేళ్ళుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు. పెరుగన్నంలో ఉప్పు మానేసి మరీ, మూడు రోజుల్నుంచి ఇది తాగుతున్నాడట! కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఇదే మెసేజ్ చదివి ఏం చేస్తున్నారో తల్చుకుంటేనే భయం.

బాబాయ్, ఇది చదివాక దండం బొమ్మ పెట్టకు. ఇవాళే బీపీ చూపించుకుని నంబర్ నాకు పంపు, ఆ సోడా డబ్బా పిన్నికిచ్చెయ్, బజ్జీల్లోకి చిటికెడు వేస్తుంది, అవి కూడా నీకు రెండే.