బాత్రూంలో బొద్దింక, బయట బావగారు

మా ఆవిడ అన్నయ్య ఊరి నుంచి దిగి ఇంకా చెప్పులైనా విప్పలేదు, బాత్రూంలో బొద్దింక. చీపురు వెతికే టైం ఎక్కడుంది, తలుపు గడియ పెట్టుకుని దాన్ని మగ్గులోకి తోసి నిండా నీళ్లు పట్టాను. అది తేలుతుంది, నేను టూత్‌బ్రష్‌తో (ఎవరిదో అడక్కండి) అదుముతాను. ముఖ్యంగా తల మునగాలి, ఊపిరి పీల్చేది అక్కడే కదా!

"ఏమండీ, అన్నయ్య వెయిటింగ్" అని మా ఆవిడ. "పర్లేదు, బావగార్ని కానివ్వమ్మా" అని ఆయన, ఏమాత్రం పర్లేదన్నట్టు లేని గొంతుతో.

అప్పుడు అందుకున్నాడు బైపీసీ చదివే మా సుపుత్రుడు, తలుపు అవతల నుంచి. "తలెందుకు ముంచుతున్నావు నాన్నా, బొద్దింకకు ముక్కెక్కడిది? ఒంటికి అటూ ఇటూ పది జతల శ్వాసరంధ్రాలుంటాయి, ఛాతీ దగ్గర రెండు, పొట్టకి ఎనిమిది, అక్కణ్నుంచి వాయునాళాలు కొమ్మలేసుకుంటూ పోయి గాలిని నేరుగా కణాలకే అందిస్తాయి, ఆక్సిజన్ మోసే పని రక్తానిది కాదు, అందుకే అది ఎర్రగా ఉండదు, నీళ్లలో పడితే రంధ్రాలు మూసుకుని అరగంట దాకా ఉంటుంది, తల తెగినా కొన్నాళ్లు బతుకుతుంది..." కామాలే గానీ ఫుల్‌స్టాప్ లేదు. లక్షల ఫీజు గుంజి వాళ్ల కాలేజీ నేర్పింది ఈ ఒక్కటే, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పడం.

"ముందే చెప్పి చావొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా. సబ్బు నీళ్లయితే ఈపాటికి పోయేది. ఒంటి మీద మైనం పూత ఉంటుంది కదా, ఉత్త నీళ్లు లోపలికి దిగవు."

ఈలోగా బొద్దింక కాళ్లు చాపేసి కదలడం మానేసింది. బతికానురా దేవుడా అనుకుని నీళ్లతో సహా తూము పక్కన వంపేసి, "రండి బావగారూ" అని ఘనంగా తలుపు తీశాను.

కాసేపటికి లోపల్నుంచి కేక. ఒక చేత్తో లుంగీ, ఇంకో చేత్తో మగ్గు పట్టుకుని బావగారు హాల్లోకి వచ్చేశారు. "చచ్చిందన్నారు కదండీ!"

"ఊపిరి బిగబట్టి ఉంటుంది మామయ్యా" అన్నాడు మావాడు, పుస్తకం లోంచి తలెత్తకుండా.

ఒళ్లు మండి అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేశాను. "పోయిన నెలే పెస్ట్ కంట్రోల్ చేయించాం కదండీ" అన్నాడు.

చేయించారు. లిఫ్టులో.