శుభలేఖ గారికి, ఆటిజం ఉన్న ఇంటి నుంచి

మహారాజశ్రీ శుభలేఖ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నాలుగు మూలలా పసుపు పూసుకుని 'సకుటుంబ సపరివార సమేతంగా' రమ్మన్నారు. సంతోషం. సుముహూర్తం నిమిషంతో సహా అచ్చు వేయించారు గానీ, డీజే ఎప్పుడు మొదలవుతుందో దేవరహస్యంగా ఉంచారు. మాకు ముందు కావలసింది అదే.

జీలకర్ర-బెల్లం పెట్టగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆటిజం ఉన్న మా పిల్లకు, మోత తగ్గించే ఇయర్‌మఫ్స్ 10 నిమిషాల ముందే పెట్టాలి. మోత మొదలయ్యాక బెదిరిన పిల్ల తల మీద చెయ్యి వేయనివ్వదు. ఇంట్లో మిక్సీ దగ్గర కొన్నాళ్లు అలవాటు చేయకపోతే పెళ్లిలో పీకి పారేస్తుంది కూడా. జరీ గుచ్చుకోకుండా లోపల పాత కాటన్ బట్ట ఉండాలి. డబ్బాలో పెరుగన్నం పట్టుకెళ్లాలి. విందులో 20 రకాలుంటాయి, ఆ పిల్ల తినేది తప్ప. ఆకలేస్తే ఉన్న కాస్త ఓపికా ముందే ఖర్చయిపోతుంది.

కుర్చీ స్పీకర్లకు దూరంగా, తలుపు పక్కన. పిల్ల చేతిలో, దేని తర్వాత ఏమిటో చూపే నాలుగు బొమ్మల కార్డు: కారు, పెళ్లిపీటలు, అన్నం, ఇల్లు. మొత్తం 40 నిమిషాలు. తన ఓపికను నాలుగో బొమ్మ దాకా సర్దుకుని కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే ఓ పెద్దత్తయ్య "ఒక్క ఫోటో దిగి వెళ్లండర్రా" అంటుంది. స్టేజీ ముందు క్యూ, కళ్లలోకి వీడియో లైటు, కార్డులో లేని ఐదో బొమ్మ! ఏడుపు అక్కడే వస్తే అదృష్టం. చాలామంది పిల్లలు మండపంలో బిగబట్టుకుని, ఇంటికెళ్లాకో మర్నాడు బడికి బయల్దేరేటప్పుడో బద్దలవుతారు. "ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని మెచ్చుకున్నవాళ్లు అప్పుడు దగ్గరుండరు. కాబట్టి మర్నాడు బడికి సెలవు, థెరపీకి సెలవు, చుట్టాలకు కూడా సెలవు.

పెద్దవాళ్ల ఓపికకూ లెక్కుంది. "ఇంకా మాటలు రాలేదా? ఫోన్లిస్తే అంతే" అంటూ ఉచిత వైద్యం భోజనాల బంతిలోనే మొదలవుతుంది. ఒకరు పిల్లను చూస్తే మరొకరు జవాబులు చెప్పాలి; రెండూ ఒకరే మోస్తే ముందు అరిచేది పిల్ల కాదు. జవాబు ఒక్కటే తయారుగా ఉంచుకోవాలి: "బాగానే ఉందండీ, భోజనం చేశారా?" దీనికి ఎదురు ప్రశ్న వేసినవాళ్లు అరుదు.

హల్దీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్: నాలుగింట్లో ఒక్కదానికే వస్తాం. మిగతావాటికి చదివింపులు ఫోన్‌పేలో అందుతాయి. ఆ ఒక్కటీ హల్దీయే అయితే, పసుపురంగు బట్టలే వేసుకోవాలన్న షరతు మాత్రం మాకు వర్తింపజేయకండి. కొత్త బట్ట రెండుసార్లు ఉతికితే గానీ ఒంటి మీద నిలవదు. తమరేమో మా ఇంటికి దయచేసిందే మొన్న సాయంత్రం.

ఇట్లు,
తలుపు పక్క కుర్చీలవాళ్లు