స్టీల్ హోస్ వేయించే ముందు పాత రబ్బరు హోస్‌ను ఒకసారి చూడండి

కారు బ్రేక్ పెడల్ కాస్త మెత్తబడిందని ఎవరికైనా చెబితే చాలు, ఈమధ్య వెంటనే ఒక సలహా వస్తోంది. రబ్బరు హోస్‌లు పీకించేసి స్టీల్ బ్రెయిడెడ్ హోస్‌లు వేయించుకో, బ్రేకు ఎలా పడుతుందో చూడు అని. నాలుగు చక్రాలకూ సరిపడే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మెరిసే ఉక్కు అల్లిక, ఎరుపు నీలం ఫిట్టింగులు, మీద రేస్ కార్ బొమ్మ. కొనాలనిపించడంలో తప్పేమీ లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు ఊరికి వెళ్లొచ్చే కారుకు స్టీల్ హోస్ చేసే మేలు చాలా కొంచెం. అదే కారు కింద పదేళ్లుగా ఎవరూ తొంగి చూడని రబ్బరు హోస్ చేయగల కీడు మాత్రం చాలా పెద్దది. మన దృష్టి, మన డబ్బు రెండూ మొదటిదాని మీదకే పోతున్నాయి.

అసలు ఈ హోస్ పనేమిటి? పెడల్ తొక్కితే ఆ బలాన్ని బూస్టర్ పెంచి ఆయిల్‌ను నొక్కే మాస్టర్ సిలిండర్‌కు అందిస్తుంది. అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్ ఒత్తిడి ఇనుప పైపుల గుండా చక్రాల దగ్గరికి చేరుతుంది. చక్రం గతుకుల్లో పైకీ కిందికీ ఊగుతుంది, ముందు చక్రాలైతే స్టీరింగ్‌తో పాటు పక్కలకూ తిరుగుతాయి. ఇనుప పైపు అలా వంగలేదు. అందుకే చివరి జానెడో మూరెడో దూరం మాత్రం వంగే హోస్ పెడతారు. లోపల ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు గొట్టం, దాని చుట్టూ బలమైన దారపు అల్లిక పొరలు, పైన మళ్లీ రబ్బరు తొడుగు. చూడ్డానికి మామూలు రబ్బరు గొట్టంలాగే ఉంటుంది కానీ చిన్న వస్తువేం కాదు. అమెరికా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 ప్రకారం, లోపలి వ్యాసం అంగుళంలో ఎనిమిదో వంతు ఉండే హోస్ 7,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోపు పగలకూడదు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు కారులో పుట్టే ఒత్తిడి దానికి చాలా దిగువనే ఉంటుంది. కాబట్టి మంచి రబ్బరు హోస్ కొత్తగా ఉన్నప్పుడు బలం చాలదన్న ప్రశ్నే రాదు.

ఉన్న తేడా వ్యాకోచంలో. ఒత్తిడి పెరిగినప్పుడు రబ్బరు హోస్ వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఆ ఉబ్బును నింపడానికి కొంత ఆయిల్ పోతుంది, ఆ మేరకు పెడల్ కాస్త ఎక్కువ దిగుతుంది. అదే అమెరికా ప్రమాణం 1,000 పీఎస్‌ఐ దగ్గర ఆ కొలత హోస్ ఒక అడుగుకు 0.66 మిల్లీలీటర్ల దాకా వ్యాకోచాన్ని ఒప్పుకుంటుంది. తక్కువ వ్యాకోచం రకానికైతే పరిమితి సగమే, 0.33. మొదటి రకం మీద హెచ్ఆర్ అని, రెండో రకం మీద హెచ్ఎల్ అని అచ్చు ఉంటుంది. అంటే తక్కువ ఉబ్బే హోస్ కావాలనుకుంటే రబ్బరులోనూ దొరుకుతుంది. స్టీల్ హోస్‌లో లోపలి గొట్టం పీటీఎఫ్ఈ, అంటే మనం టెఫ్లాన్ అని పిలిచే పదార్థం. దాని మీద స్టెయిన్‌లెస్ తీగల అల్లిక. ఇది ఉబ్బడం ఇంకా తక్కువ. పెడల్ తొక్కిన తొలి క్షణంలోనే బ్రేకు అందుకున్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతి నిజమే, ఎవరూ కాదనక్కర్లేదు.

అయితే అనుభూతి వేరు, కారు ఆగే దూరం వేరు. గట్టిగా తొక్కినప్పుడు కారు ఎంత దూరంలో ఆగాలన్నది చివరికి టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు తేలుస్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. మీ కారులో ఇప్పుడున్న రబ్బరు హోస్‌లతోనే గట్టిగా తొక్కితే పెడల్ కింద ఏబీఎస్ దడదడలాడుతోందంటే, బ్రేకులు టైరు పట్టును పూర్తిగా వాడేస్తున్నట్టే. ఆపైన ఎంత గట్టి హోస్ వేసినా కారు ముందుగా ఆగదు. ఆ డబ్బుతో అరిగిన టైర్లు మారిస్తే మాత్రం తడి రోడ్డు మీద తేడా కచ్చితంగా కనిపిస్తుంది.

పెడల్ మెత్తబడటానికి కూడా ఎక్కువసార్లు హోస్ కారణం కాదు. లైన్లో ఎయిర్ పట్టి ఉంటుంది. వెనక డ్రమ్ బ్రేకుల్లో లైనర్లు అరిగి, లైనర్ల దూరం సరిచేసే అడ్జస్టర్ బిగుసుకుపోయి, పెడల్ సగం దాకా దిగితే గానీ లైనర్ డ్రమ్‌కు ఆనదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక ఇప్పటికీ డ్రమ్ములే. ముందు డిస్కును ప్యాడ్లతో పట్టే కాలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. మాస్టర్ సిలిండర్ సీలు పోయి ఉంటుంది. కారణం ఎయిరే అయితే స్టీల్ హోస్ వేయించిన రోజున పెడల్ బాగుపడినట్టే ఉంటుంది, ఎందుకంటే హోస్ మార్చాక ఎలాగూ ఎయిర్ తీస్తారు, కొత్త ఆయిల్ పోస్తారు. ఆ మంచి పేరంతా హోస్‌కు వెళ్లిపోతుంది.

ఘాట్ రోడ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఈ కిట్ల గురించి అడిగేది ఎక్కువగా అక్కడి అనుభవంతోనే. తిరుమల కొండ దిగుతున్నప్పుడో, అరకు నుంచి అనంతగిరి మీదుగా కిందికి వస్తున్నప్పుడో వరుసగా బ్రేకు తొక్కుతూ వస్తే, ఒక మలుపు దగ్గర పెడల్ హఠాత్తుగా స్పాంజిలా దిగిపోతుంది. ఆ టెన్షన్ ఒక్కసారి అనుభవించినవాళ్లు మర్చిపోలేరు. అక్కడ జరిగింది ఆయిల్ మరగడం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసం 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ బలం చక్రానికి చేరదు. టెఫ్లాన్ గొట్టం తేమను రబ్బరు కంటే తక్కువగా లోపలికి రానిస్తుందన్నది నిజం. కానీ మూడు నాలుగేళ్ల పాత ఆయిల్‌ను అలాగే ఉంచి హోస్ మాత్రం మార్చినవాళ్లకు ఘాట్‌లో దక్కేదేమీ ఉండదు. ఆయిల్ సమయానికి మార్చడం, సెకండ్ గేర్‌లో దిగడం, ఈ రెండే అక్కడ కాపాడతాయి.

బైకు నడిపే కుర్రాళ్లు ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. కేటీఎం డ్యూక్ 390కి, రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650కి కంపెనీయే స్టీల్ హోస్ ఇస్తోంది కదా, కారుకు ఎందుకు వద్దంటారు? బైకులో హ్యాండిల్ దగ్గరి నుంచి కాలిపర్ దాకా దారి పొడవునా హోసే. నొక్కేది రెండు మూడు వేళ్లు, బూస్టర్ ఉండదు, లివర్ కదిలే దూరం కూడా తక్కువ. అంత చిన్న వ్యవస్థలో హోస్ ఏమాత్రం ఉబ్బినా వేళ్లకు తెలిసిపోతుంది. కారులో దారి చాలావరకు ఇనుప పైపే, హోస్ చివరి ముక్క మాత్రమే. బైకులో కనిపించే తేడా కారులో అంతగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇక అసలు ఆందోళన పడాల్సిన చోటికి వస్తాను. రబ్బరు హోస్ రెండు రకాలుగా చెడిపోతుంది. ఒకటి బయటికి కనిపించేది. ఎండకు, బురదకు, ఇంజిన్ వేడికి పై తొడుగు పగుళ్లు తీస్తుంది. ఫిట్టింగ్ దగ్గర చెమర్చినట్టు తడి కనిపిస్తుంది. ఎవరైనా పెడల్ తొక్కి పట్టుకుంటే ఒకచోట బుడిపెలా పొంగుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ కారు ఆ రోజు రోడ్డెక్కకూడదు.

రెండోది లోపల జరిగేది, మెకానిక్‌లను కూడా తికమకపెట్టేది. లోపలి రబ్బరు పొర ఊడి, ఒకవైపే తెరుచుకునే తలుపులా పనిచేస్తుంది. కాలితో తొక్కిన బలానికి ఆయిల్ కాలిపర్‌లోకి వెళ్తుంది, పెడల్ వదిలాక వెనక్కి రాదు. ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. కారు ఒక పక్కకు లాగుతుంది, పది కిలోమీటర్లు తిరిగి దిగితే ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలిపర్ జామ్ అయిందని కొత్త కాలిపర్ వేస్తారు, వారానికి మళ్లీ అదే కథ. చూడటం తేలికే: చక్రం పట్టేసి ఉన్నప్పుడు, వేడి చల్లారాక, కాలిపర్ మీద ఎయిర్ తీసే బ్లీడింగ్ నిపుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తిరిగిందంటే, కొత్త కాలిపర్ కొనేముందు హోస్‌నే అనుమానించాలి. మాస్టర్ సిలిండర్ దగ్గర ఒత్తిడి చిక్కుకున్నా ఇలాగే జరగొచ్చు కాబట్టి, ముందు పైన ఇనుప పైపు నట్టు వదులు చేసి చూస్తే అనుమానం తీరిపోతుంది. అక్కడ వదిలినా చక్రం పట్టేసే ఉండి, నిపుల్ వదిలాకే తిరిగితే, దోషం ఆ మూరెడు హోస్‌లోనే.

ఈ లోపలి దెబ్బకు చాలాసార్లు మన షెడ్లలోని అలవాటే మూలం. ప్యాడ్లు మార్చేటప్పుడు నిలబడి గమనించండి. కాలిపర్ బోల్టులు విప్పి, ఆ కిలోల బరువున్న ఇనుప ముద్దను హోస్ మీదే వేలాడదీసి, పిస్టన్ వెనక్కి నొక్కి, మధ్యలో టీ తాగి వస్తారు. బైండింగ్ వైరు ముక్కతో కాలిపర్‌ను స్ప్రింగుకు కట్టడానికి అర నిమిషం పట్టదు. ఆయిల్ కారకుండా హోస్‌ను కటింగ్ ప్లేయర్‌తో నొక్కి పట్టడం ఇంకో అలవాటు. అలా నొక్కినచోట లోపలి పొర చిట్లితే బయటికి ఏమీ తెలియదు. కారు యజమానిగా ఈ రెండూ వద్దని చెప్పే హక్కు మీకుంది, మొహమాటపడకండి.

స్టీల్ హోస్‌కు ఈ బాధలు లేవనుకుంటే పొరపాటు. దానికి వేరే బాధలున్నాయి. టెఫ్లాన్ గొట్టం ఒకసారి మడత పడితే మళ్లీ బాగుపడదు. అల్లిక కప్పేసి ఉండటంతో లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. రబ్బరు పగిలి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించకుండానే పోవచ్చు. పైన ప్లాస్టిక్ తొడుగు లేని రకమైతే ఇసుక రేణువులు తీగల మధ్యకు దూరి లోపలి గొట్టాన్ని అరగదీస్తాయి. ఆ తీగలే ఆకురాయిలా పక్కనున్న ఏబీఎస్ సెన్సర్ వైరునో, డ్రైవ్ షాఫ్ట్ బూటునో కోసేస్తాయి. ఫిట్టింగ్ దగ్గర సరైన ఆధారం లేకపోతే, చక్రం ఊగిన ప్రతిసారీ అదే చోట వంగి వంగి తీగలు అలిసిపోతాయి. అందుకే ప్రమాణంలో హోస్‌ను 35 గంటలపాటు ఆపకుండా ఊపే పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష నెగ్గిన కిట్‌కూ, మెరుపు మాత్రమే ఉన్న కిట్‌కూ ఫొటోలో తేడా తెలియదు. రేసు జట్లు వీటిని తరచూ విప్పి చూసుకుంటాయి, కాలం తీరగానే పారేస్తాయి. మనం ఒకసారి వేయించి మర్చిపోతాం.

అయినా స్టీల్ హోస్ సరైన ఎంపిక అయ్యే సందర్భాలున్నాయి. ట్రాక్ మీద నడిపే కారుకు అవసరమే. సస్పెన్షన్ ఎత్తు పెంచిన జీపులకు పొడవైన హోస్ కావాలి, పాతది సాగదీసి వాడితే చక్రం కిందికి వేలాడినప్పుడు తెగుతుంది. పదేళ్లు దాటిన కారుకు ఎలాగూ హోస్‌లు మార్చాల్సి వచ్చి, ఆ మోడల్ కోసమే చేసిన, ప్రమాణ ముద్ర ఉన్న, ఫిట్టింగులు కంపెనీలోనే క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) కిట్ దొరికితే వేయించుకోవచ్చు. కాకపోతే బిగించేటప్పుడు పక్కనే ఉండండి. హోస్ చివరను కాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవే వేయాలి. ఇనుప పైపు నట్టు విప్పడానికి నట్టును చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ స్పానర్ వాడాలి, మామూలు స్పానర్‌తో అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. పాత హోస్‌కు మధ్యలో ఉన్న బ్రాకెట్ కొత్తదానికీ పడాలి. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, చక్రాన్ని వేలాడదీసి, మళ్లీ బరువు మీద దించి, హోస్ ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. రబ్బరు హోసే వేయిస్తున్నా ఒక చిన్న ఆనవాలు చూసుకోండి: పొడవునా సన్నని గీతలుంటాయి. బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి, మెలిక తిరిగి కనిపిస్తే హోస్ మెలిపడినట్టే, విప్పి మళ్లీ బిగించాలి.

జర్మనీలో ఇలాంటి మార్పిడి హోస్‌లకు ఆమోద పత్రం ఉండాలి. బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాక ప్రతి ఏడాదీ జరిగే ఎంఓటీ పరీక్షలో హోస్‌ల పగుళ్లు, ఉబ్బు, రాపిడి, మెలిక చూస్తారు. మన దగ్గర హోస్ తయారీకి ఐఎస్ 7079 ప్రమాణం ఉంది. ట్యాక్సీలు, లారీలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్ల దాకా బ్రేకులను చట్టప్రకారం ఎవరూ అడగరు. పొగ సర్టిఫికెట్ కోసం ఏటా వెళ్తాం, గొట్టంలో సెన్సర్ పెట్టి కాగితం ఇచ్చి పంపేస్తారు. అదే కారు కింద హోస్ పగిలి ఉన్నా ఆ కాగితం వస్తుంది. రాష్ట్రాలు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు కడుతున్న ఈ సమయంలో, కనీసం ఏడేళ్లు దాటిన సొంత కార్లకు రెండేళ్లకోసారి బ్రేకు పరీక్ష తప్పనిసరి చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. జాకీ మీద లేపి టార్చి వేసి నాలుగు హోస్‌లు చూడటానికి పది నిమిషాలు చాలు.

ఆ నిబంధన వచ్చేదాకా సొంతంగా చేసుకోగలిగింది ఉంది. ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు కారు లేపిన సమయానికి వెళ్లి, ఒక్కో హోస్ మీద అచ్చయిన తయారీ తేదీ చదవండి. మట్టి పట్టి ఉంటే గుడ్డతో తుడిస్తే కనిపిస్తుంది. పదేళ్లు దాటి ఉంటే నాలుగూ మార్పించండి. చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ రబ్బరు హోస్ వందల రూపాయల్లోనే వస్తుంది. దాంతోపాటే ఆయిల్ పూర్తిగా తీయించి కొత్తది పోయించండి. ఇదంతా అయ్యాక కూడా పెడల్ ఇంకా గట్టిగా కావాలనిపిస్తే, అప్పుడు స్టీల్ కిట్ గురించి ఆలోచించవచ్చు.