కాఫీలో దూకే తీపి బిళ్ళ గారికి

మహారాజశ్రీ తీపి బిళ్ళ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా కుశలం సంగతి మాత్రం ల్యాబ్ రిపోర్టు వస్తే గానీ చెప్పలేం.

మీ వంశం గొప్పదే. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఫాల్‌బర్గ్ అనే కెమిస్టు చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. అలా బయటపడ్డ శాకరిన్ అనే కృత్రిమ తీపి పదార్థం మీ మూలపురుషుడు. మా ఇంట్లో అలా కూర్చుంటే తిట్లు తప్ప ఇంకేం బయటపడవు.

కాఫీలో రెండు చెంచాల పంచదార, అంటే పది గ్రాముల లోపు, మీరు ఆపుతున్నారు. కాదనను. కానీ ఆ పుణ్యం చూసుకుని మా బాబాయి పెళ్లి బంతిలో ఎంత ఖర్చు పెడతాడో మీకు తెలుసా? పప్పన్నం, పులిహోర, సాంబారన్నం, పెరుగన్నం. ఒక్క కప్పు అన్నంలోనే సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అదంతా రక్తంలో గ్లూకోజు అయ్యేదే. ఆపైన పూర్ణం బూరెలు. "బెల్లంతో చేసినవేగా, పర్లేదు!" బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే అని చెబితే మొహం ముడుచుకుంటాడు. చివర్లో కాఫీ రాగానే జేబులోంచి మీ డబ్బా తీసి, నలుగురూ చూసేలా టిక్కుమనిపించి, "షుగర్ కదరా, జాగ్రత్తగా ఉండాలి" అంటాడు.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికి మీలాంటి వాళ్లను నమ్ముకోవద్దంది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని కూడా చెప్పింది. బాబాయికి ఆ రెండో ముక్క మాత్రం కంఠతా వచ్చు.

పరీక్షకు ముందు రెండ్రోజులు జొన్నరొట్టె తిని ఫాస్టింగ్ రీడింగును ఎలాగోలా బుజ్జగిస్తాడు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దగ్గర ఆ పప్పులుడకవు. అది రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క చెప్పేస్తుంది. అప్పుడు తప్పు ఎవరిది? మీదే! "ఈ బిళ్ళలు పనిచేయట్లేదు, కంపెనీ మార్చాలి" అంటాడు.

కాబట్టి మనవి. ఇకపై కప్పులోకి దూకేముందు పక్కనున్న విస్తరి వైపు ఓసారి తొంగి చూడండి. నచ్చకపోతే డబ్బాలోనే ఇరుక్కుపోండి.

ఇట్లు,
మీ డబ్బాలు కొని తెచ్చే అబ్బాయి

తా.క.: షుగర్ ఫ్రీ స్వీట్లలో ఉండే మీ చుట్టం మాల్టిటాల్ గారు కాస్తోకూస్తో షుగర్ పెంచుతారని, మోతాదు మించితే కడుపు కదిలిస్తారని బాబాయికి చెప్పాలనుకున్నాను. నిన్న డబ్బా స్వీట్లు ఖాళీ చేశాడు. ప్రస్తుతం బాత్రూంలో ఉన్నాడు, బయటికొచ్చాక చెబుతాను.