బాబుకు మధ్య పేరు రెండక్షరాలే ఉండాలా? ఆ మెసేజ్‌కి జవాబు

కొత్తగా తల్లిదండ్రులు కాబోతున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మగపిల్లాడికి మధ్య పేరు తప్పనిసరి అట, లేకపోతే పాస్‌పోర్టు, వీసాల దగ్గర ఇబ్బందట. అది దేవ్, రాజ్, సాయి, జై లాగా చిన్నదిగానే ఉండాలట, పెద్దదైతే కంప్యూటర్లో పట్టదట. వెంకట, నాగ, సత్య లాంటివి విదేశాల్లో ఎవరూ పలకలేరు కాబట్టి వదిలేయాలట. చిన్న పేరే శాస్త్రసమ్మతం, సంఖ్యాశాస్త్రానికీ అదే అనుకూలం అని చివర్లో కొసరు.

ఇది చదివి నిజంగానే టెన్షన్ పడుతున్నవాళ్లున్నారు. తాతగారి పేరు కలుపుదామనుకుని, ఈ మెసేజ్ చూసి వెనక్కి తగ్గినవాళ్లున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మధ్య పేరు తప్పనిసరి అన్నది అబద్ధం. మన పాస్‌పోర్టులో పేరుకు ఉన్నవి రెండే గళ్లు. ఒకటి ఇంటిపేరుకు, రెండోది పెట్టిన పేరుకు. మధ్య పేరుకు విడిగా గడే లేదు. దరఖాస్తు ఫారంలో కూడా మొదటి పేరు, ఆ తర్వాత మధ్య పేరు 'ఉంటే' రాయమనే ఉంటుంది. ఆధార్‌లో పేరంతా ఒకే వరుస. పాన్ ఫారంలో మధ్య పేరుకు గడి ఉంది, లేనివాళ్లు ఖాళీగా వదిలేయవచ్చు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్ల లెక్కలో చట్టబద్ధమైన పేరంటే మొదటి పేరు, చివరి పేరు మాత్రమే. మధ్య పేరు అందులోకి రానే రాదు.

మరి ఈ భయం ఎక్కడ పుట్టి ఉంటుంది? పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకు కష్టాలు ఉన్న మాట నిజం. 2022 నవంబరులో యూఏఈ అలాంటి పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని ప్రకటించింది. అమెరికా వీసాలో అయితే, పెట్టిన పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అక్కడ ఎఫ్.ఎన్.యు. అని కొడతారు, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఇక ఆ మూడక్షరాలే అక్కడి చాలా కాగితాల్లో ఆ మనిషి పేరైపోతాయి. ఈ ఇబ్బంది ఇంటిపేరు గడో, పెట్టిన పేరు గడో ఖాళీగా ఉన్నందువల్ల వచ్చేది. మనకు ఇంటిపేరు ఎలాగూ ఉంది. ఆ రెండు గళ్లూ నిండితే చాలు.

పెద్ద పేరు పట్టదు అన్నది లెక్క వేసి చూద్దాం. పాస్‌పోర్టు కింది భాగంలో మెషీన్ చదివే రెండు వరుసలు ఉంటాయి. అందులో పేరుకు ఇచ్చిన చోటు 39 అక్షరాలు. ఇంటిపేరు తర్వాత ఖాళీకి బదులు పడే రెండు గుర్తులు (<<), పేరులోని మాటల మధ్య ఒక్కో గుర్తు కూడా ఈ 39లోనే. పాములపర్తి వెంకట నరసింహారావు పేరును ఇంగ్లీషులో, నరసింహ, రావు విడదీసి రాస్తే, గుర్తులతో కలిపి 34. క్రికెటర్ వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్‌ది 31. గోదావరి జిల్లాల్లో వీర వెంకట సత్యనారాయణలు ఎంతమందో మీకు తెలుసు. ఆ పేరుకు ఇంగ్లీషులో పదక్షరాల ఇంటిపేరు తగిలిస్తే సరిగ్గా 39. అంతటి పేరే పట్టాక బాబుకు మీరనుకుంటున్న పేరుకు ఏం లోటు? ఒకవేళ దాటినా ఆ మెషీన్ వరుసలోనే కుదిస్తారు, పాస్‌పోర్టు రాకుండా పోదు. విమానం బోర్డింగ్ పాస్ మీద పేర్లన్నీ ఖాళీ లేకుండా అతికించి, చివర మిస్టర్ కూడా కలిపేసి ఉండటం చూసి కంగారు పడేవాళ్లున్నారు. అది టికెట్ సిస్టమ్ పద్ధతి, చిన్న పేర్లనూ అలాగే అతికిస్తుంది.

నిజంగా చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. ఒకటి వరుస. 'వెంకట సాయి కార్తీక్' అని రాస్తే చాలా చోట్ల మొదటి మాటే పిలుపు పేరైపోతుంది. ఇంట్లో కార్తీక్, అమెరికా స్కూల్లో వెంకట. పిల్లాడు చెప్పీ చెప్పీ విసిగిపోతాడు. పిలిచే పేరు ముందు, దేవుడి పేరో తాత పేరో తర్వాత రాయిస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. రెండోది స్పెల్లింగ్. ఇక్కడే చిన్న పేర్లు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. శ్రీ అన్న ఒక్క అక్షరాన్నే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. సాయి కూడా అంతే. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా పడితే, పేరు రెండక్షరాలైనా అఫిడవిట్ల చుట్టూ తిరగక తప్పదు. ఇంకొకటి, పాస్‌పోర్టు ఫారం పొడి అక్షరాలను ఒప్పుకోదు. మెమోలో వట్టి వి. అని రాయిస్తే అది వెంకటా, వీరా, విజయా అని తర్వాత విడమరిచి చూపించాల్సి వస్తుంది.

విదేశాల్లో పలకలేరు అన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. పిలిచే పేరు ముందుంటే మధ్య పేరును రోజూ పలికేదెవరు? మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల పూర్తి పేరు సత్యనారాయణ నాదెళ్ల. ఆ నారాయణ వల్ల ఆయనకు ఏ పనీ ఆగలేదు. మన పేర్ల మధ్యలో ఉన్న మాటలు ఊరికే వచ్చినవి కావు. అప్పల అని ఉంటే సింహాచలం అప్పన్న. వీర వెంకట సత్య అంటే అన్నవరం. కోటేశ్వర అంటే కోటప్పకొండ. రాజన్న అంటే వేములవాడ, మల్లన్న అంటే కొమురవెల్లో శ్రీశైలమో. పిల్లల్లేక నాగులచవితికి పుట్టలో పాలు పోసి మొక్కుకున్న తల్లి కొడుక్కి నాగ అని కలుపుకుంది. మా అక్క కూతురు ఈ మెసేజ్ పంపి, "మామయ్యా, మా మామగారి పేరు సత్యనారాయణ, అది కలిపితే బాబుకు ఇబ్బందా?" అని అడిగింది. లేదమ్మా, నిశ్చింతగా పెట్టుకో అన్నాను. ఆ పేరు కలిపితే ఆ పెద్దాయనకు ఎంత సంతోషమో ఏ మెసేజ్‌లోనూ రాయరు.

చిన్న పేరు నచ్చితే హాయిగా పెట్టుకోండి. దేవ్ మంచి పేరే, జై మంచి పేరే. భయపడి మాత్రం పెట్టవద్దు.

శాస్త్రం సంగతి. నామకరణం లాంటి ఇంటి సంస్కారాలను చెప్పే పాత గ్రంథం పారస్కర గృహ్యసూత్రం మగపిల్లాడికి రెండు లేక నాలుగు అక్షరాల పేరు పెట్టమంది. అది అసలు పేరు గురించి చెప్పిన మాట, మధ్య పేరు గురించి కాదు. పైగా నాలుగక్షరాలకూ ఒప్పుకుంది. దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యవహారనామం అని వేర్వేరు పేర్లు పెట్టే ఆచారమూ ఉంది. ఆరుద్ర నక్షత్రం మూడో పాదానికి 'ఙ' అక్షరం వస్తుంది, దానితో పేరు ఎక్కడ దొరుకుతుంది? అందుకే నక్షత్రనామం పీటల మీద చెప్పుకుని, కాగితాల్లో వేరే పేరు రాయించుకునే ఇళ్లున్నాయి. సంఖ్యాశాస్త్రం గురించి ఒక్క మాట: అంకె కోసం ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం అదనంగా ఇరికిస్తే, పైన చెప్పిన స్పెల్లింగ్ తేడాల గొడవను చేజేతులా తెచ్చుకున్నట్టే.

తొందర కూడా అక్కర్లేదు. మన దేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు అప్పుడే ఇవ్వనవసరం లేదు. 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకూ వీలుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు స్కూలు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు అన్నిటిలో పుట్టిన తేదీకి, చోటుకు ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఆస్పత్రి హడావిడిలో ఏదో ఒకటి చెప్పేయకుండా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కాగితం మీద రాసుకుని, ఇంట్లోవాళ్లంతా ఒకసారి చూశాకే నమోదుకు ఇవ్వండి.