మూడు వారాలకోసారి

మే వచ్చిందంటే హైదరాబాద్‌లో రక్తానికి కటకట మొదలవుతుంది. కాలేజీలకు సెలవులు, సొంతూళ్లకు ప్రయాణాలు, పది దాటితే గడప దాటనివ్వని ఎండలు. శిబిరాలు పెట్టేవాళ్లు తగ్గుతారు, పెట్టినా వచ్చేవాళ్లు తగ్గుతారు. థలసీమియా పిల్లలకు మాత్రం వేసవి సెలవులు లేవు. వాళ్ల ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారు కాదు. ఎముక మజ్జ మార్పిడి జరిగితే తప్ప, రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించుకోవాల్సిందే.

ఆ ఇళ్లలో క్యాలెండర్ చూస్తే విషయం అర్థమవుతుంది. పండగల కన్నా ముందు రక్తం ఎక్కించే తేదీల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. తేదీ దగ్గర పడేకొద్దీ పిల్ల వాడిపోతుంది. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడుతుంది, కాళ్లు లాగుతున్నాయంటుంది, అన్నం వద్దంటుంది. ఆసుపత్రిలో ఎడమ చేతికి సూది గుచ్చి టేపు వేస్తే, కుడి చేత్తో తల్లి ఫోన్ పట్టుకుని కార్టూన్లు చూస్తుంది. మూడు నాలుగు గంటల పాటు బొట్టు బొట్టుగా సంచి ఖాళీ అవుతుంది. సాయంత్రానికి ముఖంలోకి కళ వస్తుంది, బిస్కెట్ కోసం అన్నతో గొడవ పడుతుంది. ఆ గొడవ చూసి తల్లి ఎంత సంబరపడుతుందో! ఆ రాత్రే మళ్లీ టెన్షన్ మొదలు: వచ్చే సంచి ఎక్కడ దొరుకుతుంది, ఎవరిని అడగాలి, ఆటో నడిపే భర్త ఆ రోజు కిరాయి వదులుకుని రాగలడా?

ఈ నగరంలో సేవకు కొదవ లేదు. ఆ మాట మేం మనస్ఫూర్తిగా అంటున్నాం. 1998 జనవరి 1 నుంచి, సుప్రీంకోర్టు ఆదేశంతో, డబ్బుకు రక్తం అమ్ముకోవడం దేశమంతటా నిషేధమైంది. అదే ఏడాది ఇక్కడ కొందరు తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి థలసీమియా అండ్ సికిల్‌సెల్ సొసైటీ పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో చిరంజీవి పేరిట ట్రస్టు మొదలై, ఆయన అభిమానులను రక్తదానం వైపు మళ్లించింది. బిడ్డ కోసం పడ్డ బాధలోంచి ఒకటి, అభిమానంలోంచి ఒకటి పుట్టాయి. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

అంతకు ముందూ ఈ ఊరికి ఇచ్చే చేయి ఉంది. నిలోఫర్ ఆసుపత్రి ఒక రాకుమారి పేరు మోస్తోంది. నిమ్స్ మొదట నిజాం చారిటబుల్ ట్రస్టు సొమ్ముతో లేచిన ఎముకల ఆసుపత్రి. 1987లో మొదలైన కంటి ఆసుపత్రికి ఎల్.వి. ప్రసాద్ కుటుంబం భూమీ డబ్బూ ఇచ్చింది. భవనాలు కట్టించిన దాతలను ఊరు గుర్తు పెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. కట్టిన భవనంలో రోజూ పని సాగాలంటే కావాల్సిన దానం వేరు. అది మామూలు ఇళ్ల నుంచి రావాలి. మా బెంగ దాని గురించే.

మన దానం ఎక్కువగా సందర్భాలను పట్టుకుని నడుస్తోంది. నాయకుడి పుట్టినరోజు, హీరో సినిమా రిలీజ్, జాతీయ పండగలు. ఆ రోజుల్లో పెద్దాసుపత్రి వార్డులో ఒకే మంచం మీద మూడు గ్రూపులు పెట్టిపోయిన అరటిపండ్లు, బ్రెడ్ ప్యాకెట్లు పేరుకుంటాయి. షుగర్ ఉన్న ముసలాయన వాటిని పక్క మంచానికి ఇచ్చేస్తాడు. మర్నాడు ఆ వార్డులోకి ఎవరూ రారు. పండ్లు పంచిన మనిషి మనసు మంచిదే, సందేహం లేదు. కానీ పేషెంట్‌కు మర్నాడు కూడా ఆకలేస్తుంది.

రక్తం విషయంలో ఇది ఇంకా బాధాకరం. సేకరించిన ఎర్ర రక్తకణాలు గరిష్ఠంగా 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే సాధారణంగా ఐదు రోజులే. కేన్సర్ మందులు తీసుకుంటున్నవాళ్లకు, డెంగ్యూ ముదిరినవాళ్లకు ప్లేట్‌లెట్లు అవసరమవుతాయి. ఒకే రోజు వందల మంది వరుసలో నిలబడి రక్తమిస్తే పేపర్లో ఫొటో బాగుంటుంది, మేమూ వేస్తాం. ఆ ఫొటోలు వేసే మా బాధ్యత కూడా ఇందులో ఉంది కాబట్టే ఇది రాస్తున్నాం. జనవరి 26న ఇచ్చిన రక్తం మే నెలలో ఆ పిల్లకు అందదు. అదే వందల మంది నెలకు కొందరి చొప్పున వంతులేసుకుంటే ఏడాది పొడవునా అందుతుంది.

రోజూ చేసే సేవ ఎలా ఉంటుందో ఈ ఊళ్లోనే చూడొచ్చు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి ఆకలిగొన్నవాళ్లకు భోజనం పెడుతున్నారు. తిన్నవాళ్లను ఏ మతం అని అడగరు, ఏ ఊరని అడగరు. 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం ఆసుపత్రుల దగ్గర ఎంతమందికి ఆసరా అయిందో, పేషెంట్ వెంట వచ్చి నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లను అడిగితే చెబుతారు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. మంచిదే. కానీ పేషెంట్ పక్కన కూర్చున్నవాళ్లు పోగొట్టుకునే కూలి ఆ పది లక్షల్లో లేదు.

డబ్బు అక్కర్లేని సాయమూ ఉంది. ఆదిలాబాద్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో తెల్లవారుజామున బస్సు దిగి ఉస్మానియాకో గాంధీకో వచ్చినవాళ్లకు ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఏ బ్లాకులో, ఏ కాగితం జిరాక్స్ కావాలి అనేది తెలియదు. ఒక కౌంటర్ దగ్గర గంట నిలబడ్డాక అది ఇక్కడ కాదంటారు. అప్పటికి రెండో కౌంటర్ మూసేస్తారు. ఆ ఆసుపత్రి ఆనుపానులు తెలిసి, రిటైరై, ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు ఈ నగరంలో వేలల్లో ఉంటారు. వారానికి ఒక పూట ఒక మనిషి చేయి పట్టుకుని సరైన గదికి తీసుకెళితే ఆ కుటుంబానికి ఒక రోజు మిగులుతుంది. కొన్ని స్వచ్ఛంద సంస్థలు హెల్ప్ డెస్కులు పెట్టి ఈ పని చేస్తున్నాయి, వాళ్లకు ఇంకా మనుషులు కావాలి.

కంపెనీలకు ఒక మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. డయాలసిస్ యంత్రం కొనిచ్చి పేరు రాయించుకోవడానికి చాలామంది ముందుకొస్తారు. కిడ్నీ పాడైన మనిషి వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు ఆ యంత్రం పక్కన పడుకోవాలి. దాన్ని నడిపే టెక్నీషియన్ జీతం, నీటి శుద్ధి ప్లాంటు రిపేరు, నెలనెలా ట్యూబులు, ఫిల్టర్లు ఎవరిస్తారు? వీటి మీద పేరు రాయించుకోవడానికి చోటు లేదు. అయినా వీటికే ఇవ్వండి.

ఇంతమంది చేస్తున్నారు కదా అని ప్రభుత్వం పక్కకు జరగడానికి వీల్లేదు. థలసీమియా పిల్లలకు రక్తంతో పాటు ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందు కూడా నాగా లేకుండా అందాలి, లేదంటే గుండె, కాలేయం దెబ్బతింటాయి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. గర్భం తొలి నెలల్లోనే, తల్లి వాహకురాలేమో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేస్తే ముప్పు ముందే తెలుస్తుంది. ప్రతి బస్తీలో, ప్రతి గర్భిణికి ఈ పరీక్ష ఉచితంగా అందేలా చూడాల్సింది ప్రభుత్వమే. దాతలు అవగాహన కల్పించగలరు, అంతమందికి పరీక్షలు చేయించలేరు.

సేవా సంస్థలు కూడా లెక్కలు బయట పెట్టాలి. పేషెంట్ల మొహాలు ఫొటోలకెక్కించడం మానాలి. రక్తం కోసం వచ్చిన పిల్ల రేపు బడికి వెళ్లాలి, ఎల్లుండి పెళ్లి చేసుకోవాలి.

పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ల లోపు వయసు, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. కూకట్‌పల్లి నుంచి ఉప్పల్ దాకా ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని కాలనీ సంఘాలున్నాయి! ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో లిఫ్టు రిపేరు, మెయింటెనెన్స్ బాకీల తర్వాత ఇంకొక్క అంశం రాసుకోండి: మే రెండో వారంలో, ఎండ ముదరకముందే ఉదయం ఏడింటికి, మన సెల్లార్‌లో రక్తదాన శిబిరం. ఆగస్టులో మళ్లీ ఇంకోటి. రెండు తేదీలూ లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో ఇప్పుడే అంటించండి.