కౌంటీ వారి అఖండ పర్యవేక్షణ

టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువాడికి అక్టోబరులో దసరాతో పాటు ప్రాపర్టీ టాక్స్ బిల్లు కూడా వస్తుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ లైను చూసి గుండె పట్టుకుంటాం, ఎంయూడీ (కాలనీకి నీళ్లు, డ్రైనేజీ చూసే డిస్ట్రిక్ట్) లైను చూసి బిల్డరుని తిట్టుకుంటాం, అన్నిటికంటే కింద ఈఎస్‌డీ అని చిన్న లైను కనబడితే సరేలే ఇదీ ఏదో ఉండే ఉంటుంది అని ఊరుకుంటాం. ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అంటే అదే. ఏ నగరం హద్దుల్లోకీ రాని కాలనీల్లో ఇల్లు తగలబడితే ఫైరింజను, మనిషి పడిపోతే అంబులెన్సు చాలావరకు ఈ లైను డబ్బుతోనే వస్తాయి. అసలు వస్తాయా, వస్తే ఎంతసేపట్లో వస్తాయి అన్నది వేరే సంగతి.

ఆ సంగతే అడుగుదామని మొన్న మా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను. అంబులెన్స్ సగటున ఎన్ని నిమిషాల్లో వస్తోంది, ఆ లెక్క ఎవరు చూస్తున్నారు అని. చాలా మర్యాదగా జవాబొచ్చింది. ఈఎస్‌డీ స్వతంత్ర సంస్థ, కౌంటీలో విభాగం కాదు, దయచేసి వారినే సంప్రదించగలరు. కింద, మీకు ఈ రోజు శుభంగా గడవాలి అని దీవెన కూడా.

స్వతంత్ర సంస్థట! ఆ బోర్డులో ఉండే ఐదుగురినీ నియమించేది ఎవరండీ? మీ కమిషనర్స్ కోర్టే కదా, పేరుకి కోర్టు గానీ కౌంటీని నడిపే పాలకవర్గం అదే. రెండేళ్ల పదవి, మీరే ఇస్తారు, ఖాళీ వస్తే మీరే నింపుతారు, ఏటా జూన్ 1 కల్లా ఆడిట్ రిపోర్టు మీ బల్ల మీదికే రావాలి. రాకపోతే కౌంటీ ఆడిటర్‌ని పంపి లెక్కలు తీయించి ఆ ఖర్చు కూడా వాళ్ల చేతే కట్టించవచ్చని హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 775వ అధ్యాయంలో శుభ్రంగా రాసుంది. ఇన్ని ఉంచుకుని మాకేం సంబంధం అంటే ఏమనాలి? పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంతే, సంబంధం కుదిర్చే వరకు ఇంటి మనిషి, కాపురంలో గొడవలొస్తే మాత్రం ఫోనెత్తడు. కాకపోతే పేరయ్య ఏటా జాతకాలు తెప్పించుకుని బీరువాలో దాచుకోడు.

ఆ నియామకం ఎలా జరుగుతుందో చూసి తరించాలనుకునేవారు కమిషనర్స్ కోర్టు వీడియోలు చూడొచ్చు, ఉచితం. మీకెందుకు శ్రమ, నేను చెప్తాను. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ప్రార్థన, జాతీయ జెండాకి వందనం, తర్వాత టెక్సస్ జెండాకి వందనం. ఆ తర్వాత ఏదో ఒక వారోత్సవం. ఒక సంఘం వాళ్లు ఇరవై మంది వేదిక ముందుకొస్తారు, ఆ సభకి పెద్ద అయిన కౌంటీ జడ్జిగారు ప్రకటన చదువుతారు, అందులో 'అయినందున' అని మొదలయ్యే వాక్యాలు ఏడెనిమిది ఉంటాయి, చప్పట్లు. ఫొటో తీస్తుంటే వెనక వరసలో పొట్టివాళ్లు కనబడట్లేదని మళ్లీ సర్దుకుంటారు, ఇంకొకటి, ఈసారి అందరూ నవ్వండి, అదిగో ఆ పాప కళ్లు మూసింది, మరొక్కటి. మధ్యలో నాలుగో ప్రిసింక్టు కమిషనర్‌గారు తమ అమ్మమ్మగారికీ ఈ సంఘానికీ ఉన్న అనుబంధం నెమరేసుకుంటారు. పావుగంట గడిచాక కన్సెంట్ అజెండా, అంటే చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదించేసే జాబితా. అందులో ప్రింటరు టోనర్ కొనుగోలు, ఒక వంతెన దగ్గర గుంత పూడ్చడం, ఒక ఉద్యోగి ప్రయాణ ఖర్చులు, ఫలానా ఈఎస్‌డీ బోర్డుకి ఫలానా వారిని మళ్లీ నియమించడం, ఇంకో ముప్ఫై అంశాలు. ఎవరైనా ఏదైనా బయటికి తీయాలా? లేదు. ప్రతిపాదిస్తున్నాను. బలపరుస్తున్నాను. అందరూ సరేనా? సరే. అయిపోయింది. మన నాన్నకి గుండెపోటు వస్తే బండి ఎక్కణ్ణించి రావాలో తేల్చే బోర్డు మనుషుల్ని ప్రింటరు టోనర్‌తో పాటు ఒకే ఊపిరిలో ఆమోదించేశారు.

వాళ్లకి శిక్షణ లేదంటారా, ఎందుకు లేదు, ఉంది. రెండేళ్లకి ఆరు గంటలు! స్పీడింగ్ టికెట్ కొట్టేయించుకోవడానికి మనం చేసే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు కూడా ఆరు గంటలే. అంటే గంటకి పది మైళ్లు ఎక్కువ తోలి దొరికిపోయినవాడూ, మిలియన్ డాలర్లకి అటూ ఇటూ ధర పలికే ఫైరింజను మీద సంతకం పెట్టేవాడూ చదువులో సమానులన్నమాట.

డబ్బు చిన్నదేం కాదు. వంద డాలర్ల విలువకి పది సెంట్లు మించకూడదని రాష్ట్ర రాజ్యాంగమే గీత గీసింది, నిజమే. ఐదు లక్షల డాలర్ల ఇంటికి, మినహాయింపులు పక్కన పెడితే, ఆ పది సెంట్లే ఏటా 500 డాలర్లు అవుతాయి. ఓటర్లు ఒప్పుకుంటే సేల్స్ టాక్స్‌లోనూ వాటా. ఇంకా చాలకపోతే గీత దాటకుండానే దాటే ఉపాయం ఉంది. ఒక డిస్ట్రిక్ట్ మంటలు చూసుకుంటుంటే అదే నేల మీద అంబులెన్సుకని రెండోది పెట్టొచ్చు, దానికి ఇంకో పది సెంట్లు. ఆస్టిన్ పక్కన ఫ్లూగర్‌విల్‌లో అదే జరిగింది. ఈఎస్‌డీ 2కి డబ్బు చాలదన్నారు, 2021 నవంబరులో దాని మీద ఈఎస్‌డీ 17 పుట్టింది, నగరం మాత్రం ససేమిరా అని తన హద్దుల్ని బయటే ఉంచి ప్రైవేటు అంబులెన్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అక్కడ ఎవరిది తప్పో ఎవరిది ఒప్పో తేల్చే ఓపిక నాకు లేదు. కానీ కింద పడ్డవాడు నగరం గీతకి ఇవతల పడ్డాడా అవతల పడ్డాడా అన్నదాన్ని బట్టి బండి మారే ఏర్పాటుకి పెద్దమనిషి తీర్పు చెప్పేవాడు ఒకడుండాలి కదా. ఈ బోర్డుల్ని కూర్చోబెట్టిన కౌంటీ పైన ఉండి కూడా నగరం, డిస్ట్రిక్ట్ కొట్టుకుంటుంటే చూస్తూ ఉండే ఏర్పాటు ఇది. (హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఈ బోర్డుల్ని ఓటర్లే ఎన్నుకుంటారు. బ్యాలెట్టులో అంత కిందకి ఎవరు దిగుతారు, అది మరో వినోదం.)

అసలైన పర్యవేక్షణ అంటే ఏమిటో మా హెచ్‌ఓఏని (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాన్ని) చూసి నేర్చుకోవాలి. చెత్త డబ్బా సాయంత్రం లోపలికి తీయకపోతే తెల్లారేసరికి ఫొటోతో సహా ఉత్తరం. గడ్డి రెండంగుళాలు పెరిగితే రెండో ఉత్తరం, మూడోదానికి జరిమానా. ఆ డబ్బా మీద ఉన్న శ్రద్ధలో వీసమెత్తు అంబులెన్సు మీద పెట్టే ఆఫీసు ఈ కౌంటీలో ఎక్కడుందో చెప్పండి, నేనే వెళ్లి దండం పెట్టి వస్తా.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. నిన్నటిదాకా పత్తి, జొన్న పండిన నేల మీద బిల్డర్లు వేలకి వేలు ఇళ్లు కట్టారు, ప్లాట్లకి ఆమోదముద్ర వేసింది ఇదే కౌంటీ. ఆ ఇళ్లలో మన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చి మనవల్ని చూసుకుంటున్నారు, పగలు ఇంట్లో వాళ్లే ఉంటారు, ఒకాయనకి బీపీ, ఒకావిడకి షుగరు, 911కి ఫోన్ చేసి అడ్రసు ఇంగ్లిష్‌లో చెప్పడమే వాళ్లకి పెద్ద పరీక్ష. అది గట్టెక్కాక కూడా బండి స్టేషన్లో లేదు, పక్క డిస్ట్రిక్ట్ నుంచి రావాలి అంటే? టెక్సస్‌లో అంబులెన్స్ నడపడం కౌంటీ విధి అని ఏ చట్టంలోనూ లేదు. లేదు కాబట్టి చెయ్యరు. జూన్‌లో చేరే ఆ ఆడిట్ రిపోర్టులో డీజిల్ ఖర్చు ఉంటుంది, ఫర్నిచర్ తరుగుదల ఉంటుంది, మనిషి దగ్గరికి బండి చేరడానికి పట్టిన నిమిషాలు ఉండవు. అడగండయ్యా! నియమించే అధికారం మీది, మళ్లీ కూర్చోబెట్టే ముందు ఒక్కసారి నిలబెట్టి ఎన్ని నిమిషాలు అని అడగడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? సిగ్గనిపించదా? ఫొటోకి నాలుగుసార్లు నవ్వే ఓపికుంది, ఈ ఒక్క ప్రశ్నకి లేదా?

మనమూ తక్కువ తినలేదు. పన్ను కోసం ఇంటికి కట్టే అప్రైజల్ విలువ పదివేలు పెరిగిందని మే 15 లోపు ప్రోటెస్ట్ వేసి, డ్రైవ్‌వే పగుళ్లకి ఫొటోలు తీసి, పక్కింటి అమ్మకం ధరలు ప్రింటు తీయించి, ఆఫీసుకి లీవు పెట్టి మరీ వాదించి వస్తాం, వాట్సాప్ గ్రూపులో ఎంత తగ్గించారో స్క్రీన్‌షాట్ పెడతాం. డిసెంబరు 31తో ఆ బోర్డుల్లో కొందరి పదవి ముగుస్తుంది. ఆ నియామకాల ముందు కమిషనర్స్ కోర్టులో పబ్లిక్ కామెంటుకి ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మా గ్రూపులో ఈ మాట పెడితే ఒకాయన థంబ్స్ అప్ పెట్టాడు. ఇంకొకాయన, మంగళవారం పొద్దున స్టాండప్ మీటింగ్ ఉంటుందండీ, కష్టం అన్నాడు.